తెల్లరంగు ముఖం చెప్పిన మాట

నవంబర్ 10, ఉదయం 6

ఇది ఇప్పుడే రాయాలి. ఆలస్యమైతే ఊరంతా చెప్పుకునే కథనే నేనూ నమ్మేస్తానేమోనని భయంగా ఉంది.

నిన్న ఆదివారం సాయంత్రం గంగమ్మ పండగకి మా కాలేజీ బ్యాండ్ మా ఊళ్లో వాయించింది. విజయనగరం నుంచి ఉష డ్రమ్స్, ధర్మేంద్ర గిటార్ తెచ్చారు. నాది బేస్, పాట. మేం వాయించేది యాభై ఏళ్ల కిందటి ఒక అమెరికా బ్యాండ్ హార్డ్ రాక్ పాటలు. ఆ బ్యాండ్ వాళ్లలాగే ముఖమంతా తెల్లరంగు, కళ్ల చుట్టూ నలుపు, జానెడు మడమల బూట్లు. చివరి పాటలో గిటార్ ఆగిపోతుంది. డ్రమ్ ఒక్కటే గుండెలా కొట్టుకుంటుంది. అప్పుడు నేను నాలుక బయటపెట్టి నోట్లోంచి బీట్‌రూట్ రసం వదలాలి. కాలేజీలో ఈలలే ఈలలు. ఇక్కడ ఒక్క ఈల లేదు.

నాకు అమ్మోరు పూనిందనుకుని మా నాన్నమ్మ దాలమ్మ స్టేజీ ఎక్కి నా బూట్ల మీద పసుపునీళ్లు పోసింది. మా సూరయ్య ఏటకి ఎప్పుడెల్లాల, సెప్పు తల్లీ అని అడిగింది. సూరయ్య మా నాన్న, సముద్రం మీద చేపల వేట ఆయన పని.

నవ్వేసి ఉండాల్సింది. నవ్వలేదు. పాట పాడిన ఆ గరగర గొంతుతోనే, గురువారం ఎల్లండి, నేనున్నాను అన్నాను. నిజం రాస్తున్నాను. అలా అన్నప్పుడు నాకు బాగుంది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అయినా నా మాట ఎవరైనా అలా చేతులు కట్టుకుని వినడం అదే మొదటిసారి.

నవంబర్ 12

ఫోన్‌కి మెసేజ్. అల్పపీడనం. గురువారం నుంచి ఎవరూ వేటకి వెళ్లొద్దు.

నవంబర్ 12, మధ్యాహ్నం

నాన్నకి చదివి వినిపించాను. అది పూనకం కాదు, యాక్టింగ్ అన్నాను. రంగు డబ్బా, బీట్‌రూట్ తొక్కలు చూపించాను. ఆ బ్యాండ్ వీడియో పెట్టాను. నాన్న చివరిదాకా చూసి, అమ్మోరు తెల్లోల్ల మీదికి కూడా వస్తాది గావాల అన్నాడు. పూనిన మనిషికి తనేం చెప్పిందో తెలియదట. నేను కాదు కాదంటే అదే రుజువట. నువ్వు సదువుకున్నదానివి, నీకేటి తెలుస్తాది అని చిన్నాన్న జోగయ్య నవ్వాడు.

పుట్టినప్పటి నుంచి నన్ను ఒసే అని పిలిచే నాన్న ఇవాళ అమ్మా అన్నాడు. నేను మంచం మీదుంటే తను కింద కూర్చున్నాడు.

నవంబర్ 13, ఉదయం 6

రంగు పూసుకుని ఒడ్డుకి పరిగెత్తాను. నాలుక బయటపెట్టాను. వెళ్లొద్దని అదే గొంతుతో అరిచాను. డ్రమ్ లేదు, బేస్ లేదు. ఒట్టి అరుపు. ఒసే గౌరీ, అమ్మోరితో ఆటలా అని నాన్నమ్మ చెంప మీద కొట్టింది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఒసే, ఇంటికెల్లి ముకం కడుక్కో అన్నాడు.

మిగతా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మాది ఒక్కటే వెళ్లింది. నాన్న, చిన్నాన్న.

నవంబర్ 14

గాలి. నాన్న ఫోన్ స్విచాఫ్.

నవంబర్ 15

వాళ్లు నిన్న మధ్యాహ్నానికే రావాల్సింది. ఆఫీసర్లు వచ్చి పేర్లు రాసుకున్నారు. సముద్రం తగ్గితే వెతుకుతామన్నారు. చిన్నాన్న భార్య, మా చిన్నమ్మ, అన్నం ముట్టడం లేదు. నన్ను ఒక్క మాట అనడం లేదు. తిట్టినా బాగుండును.

నాన్నమ్మ ఇంట్లో వెతికి రంగు డబ్బా తెచ్చింది. సోమవారం ఉషని డ్రమ్‌తో రప్పించాలట. డప్పు మోగితే అమ్మోరు మళ్లీ వస్తాదట, పడవ ఎక్కడున్నాదో చెప్తాదట. ఫోన్‌లో చెప్తే ఉష ఏడ్చింది. రానంది. తర్వాత వస్తానంది.

నవంబర్ 16

గంగమ్మా, ఇది నీకే రాస్తున్నాను. ఆ రోజు మాట్లాడింది నేను. వాళ్లెక్కడున్నారో నాకు తెలియదు. రేపు, పదిహేడో తారీఖు, సాయంత్రం ఐదింటికి డ్రమ్ మొదలవుతుంది. ఆలోగా జవాబియ్యి.