పైవాటా ఆదివారం పాటలు

మాస్టారికి, కింది వాటా నుంచి నమస్కారాలు.

మా అత్తగారికి ఇబ్బంది కలుగుతుందేమోనని మీరు ఆదివారం పొద్దుట భక్తిపాటలు పెట్టడం మానేశారని వాచ్‌మన్ చెప్పాడు. మీది పెద్ద మనసు. కానీ దయచేసి మళ్ళీ పెట్టండి.

పక్షవాతం వచ్చాక ఆమె నోట మాట రాలేదు. మీ పాటలు పైకప్పులోంచి సన్నగా దిగివస్తుంటే మాత్రం గదంతా నీళ్ళలో తేలుతున్నట్టు ఉండేది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కిన మనిషి కదా, దుప్పటి కింద ఆమె ఎడమపాదం తాళానికి మెల్లగా ఆడేది. మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. ఆ పాదం అదేమీ పట్టించుకోలేదు.

నిన్న ఆదివారం ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె చాలాసేపు పైకప్పు వంకే చూసి, "ఏమ్మా, ఇవాళ పాట లేదా?" అంది. నా చేతిలో గ్లాసు జారిపోయింది. మా ఆయన పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మేనా?" అన్నారు.

తర్వాత మళ్ళీ మాట లేదు. ఎంత బతిమాలినా నవ్వి ఊరుకుంది.

ఒకప్పుడు ఆమె మిషను ముందు కూర్చుని పాడుకునే మా పాటలు రెండు పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. అభ్యంతరం లేకపోతే మీవాటి మధ్యలో వేయండి. సౌండు తగ్గించకండి. వచ్చే ఆదివారం ఆమె ఒక్క మాట అన్నా, మెట్లెక్కి వచ్చి ముందు మీకే చెబుతాను.

ఇట్లు,
కింది వాటా కోడలు