గుమ్మం దాకా వచ్చిన మాట

బారి, ఏప్రిల్ 14

చిన్నప్పుడు నా గౌను అంచు పట్టుకుని వంటింట్లో తిరిగిన వలీకోకి,

నీ ఉత్తరం మన ఊళ్ళనుంచి వచ్చే ఆదివారం బస్సులో అందింది. దాంతోపాటు రెండు కిలోల అక్రోట్లు, బంతిపూల పొడి, మరదలు లమారా కట్టిచ్చిన నీలిమెంతి పొట్లం. పొట్లం విప్పగానే గదంతా మన పెరటి వాసన. కాసేపు నేను ఏ దేశంలో ఉన్నానో నాకే తెలియలేదు. తర్వాత ఉత్తరం చదివాను. తెలిసొచ్చింది.

అక్టోబరులో నాన్న పోయి ఏడాదని విందు బల్ల వేస్తున్నావు. నేను మూడు వారాల ముందే రావాలి. వందమందికి సత్సివి చెయ్యాలి. "నీ చేతి అక్రోటు పులుసులో కోడి మునగకపోతే అది నాన్న బల్లే కాదంటున్నారు ఊళ్ళో" అని రాశావు. పదకొండేళ్ళ తర్వాత అక్క ఇంటికి వస్తుందంటే, మీకందరికీ ముందు గుర్తొచ్చింది నా చెయ్యి. మిగతా మనిషి సంగతేమిటి?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు నా మాట సగంలో ఉండగానే ఎవరో పిలిచారని పోతావు. కాగితం ముందునుంచి అలా పోలేవు. చదువు.

ముందు నా గురువారం సంగతి చెప్తాను. ముసలి వీతా అమ్మగారిని కనిపెట్టుకుని ఉండే ఈ పనిలో నాకు గురువారం మధ్యాహ్నం సెలవు. రెండు దాటిందంటే ఈ ఊరు ఊరంతా కిటికీ తలుపులు దగ్గరగా వేసుకుని నిద్రపోతుంది. మిద్దెల మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి, ఊరే ఎక్కడికో ప్రయాణం కట్టినట్టు ఉంటుంది. ఆ నిద్రలోంచి నేనొక్కదాన్నే నడుచుకుంటూ చేపల రేవు దాకా పోతాను. అక్కడ నాలుగు బల్లల హోటలు. కిటికీ పక్క బల్ల నాది. సావేరియో అనే ముసలాయన ప్లేటు తెచ్చి నా ముందు పెడతాడు. బియ్యం, బంగాళాదుంప, ఆల్చిప్పలు వరసలు వరసలుగా పేర్చి పొయ్యిలో కాల్చిన వంటకం. పైన పెచ్చు చిటపటమంటుంది, అడుగున సముద్రం ఉంటుంది. మొదటి ముద్దకే కళ్ళు మూసుకుపోతాయి. నీటి మీది వెలుగు కప్పు మీద కదులుతుంటే, తింటున్నానో కలగంటున్నానో తెలియదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు తిన్న ప్లేటు తీసుకుని వాళ్ళ వంటింట్లోకి కడగడానికి పోయాను. సావేరియో పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా, నా ఉద్యోగం తీసేస్తావా ఏంటి?" నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు: "ఉప్పు సరిపోయిందా?"

వలీకో, నాకప్పుడు నలభై ఐదేళ్ళు. ఆ మాట నన్ను అప్పటిదాకా ఒక్కళ్ళూ అడగలేదు. వేలమందిని నేను అడిగాను.

ఇప్పుడు అసలు సంగతి. నా ఎర్ర డిప్లొమా పండగ గుర్తుందా? కుతాయిసి విశ్వవిద్యాలయంలో నాకు మొదటి స్థానం వస్తే నాన్న బల్ల వేశాడు. ఎవరికోసం? నాకోసం. నేనెక్కడున్నాను? పొయ్యి దగ్గర. జున్ను రొట్టెలు కాలుస్తున్నాను. నాన్న లాంటి తమదా ముప్పై ఊళ్ళలో లేడు. ఏ బల్లకైనా పెద్దగా కూర్చుని, ఏ గ్లాసు ఎవరి పేరున ఎత్తాలో, ఏం చెప్పాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు నా పేరున గ్లాసెత్తి చాలాసేపు మాట్లాడాడు. పిండి చేతులతో నేను గుమ్మం దాకా వచ్చేసరికి మిగిలింది ఒక్క ముక్క: "...అదీ నా కూతురు!" అందరూ లేచి తాగారు. నా వెనక రొట్టె మాడింది, వెళ్ళిపోయాను.

ప్రతి విందులోనూ ఆడవాళ్ళ పేరున ఒక గ్లాసు ఎత్తుతారు మీరు. మగాళ్ళంతా మర్యాదగా లేచి నిలబడతారు. ఎవరి ముందు? గోడ ముందు! ఎవరికోసం లేచారో వాళ్ళు గోడకు అవతల గిన్నెలు తోముతుంటారు. ముప్పై మూడేళ్ళుగా నేనొకటే అనుకుంటున్నాను: ఆ ముక్కకు ముందు నాన్న ఏమన్నాడు? ఆయన పోయినప్పుడు నా దగ్గర ఈ దేశంలో ఉండే కాగితాల్లేవు, రాలేకపోయాను. చావు బల్లను లమారా ఫోన్‌లో చూపిస్తానంది. ఎవరో పిలిస్తే ఫోన్‌తో సహా వంటింట్లోకి పరిగెత్తింది. నాన్న ఆఖరి బల్ల నాడు నాకు కనిపించినవి గిన్నెలే.

ఇప్పుడు కాగితాలున్నాయి. వస్తాను. కానీ పొయ్యి దగ్గరికి కాదు. నాన్న బల్లకు తమదాగా నేను కూర్చుంటాను. కుదరదంటే చెప్పు, ఆ రోజు సావేరియో హోటల్లో కూర్చుని నాన్నను తలుచుకుంటాను.

నీ కోపిష్ఠి అక్క,
ఎతేరి

---

మే 20

అక్కా,

నీ ఉత్తరం ద్రాక్షతోటలో కూర్చుని చదివాను, ఇంట్లో చదివితే లమారా నా మొహం చూస్తుందని. తీరా ఇంటికొస్తే ఆవిడే, "మీ అక్క రాసింది నిజమేగా" అంది. ముందే విప్పి చదివిందట!

బిచికో బాబాయికి చెప్పాను. "చావు బల్లకి ఆడమనిషి తమదానా? రేపు కోడిపెట్ట కూడా కూస్తానంటుంది" అన్నాడు. "కూస్తే కూసింది బాబాయ్, పొద్దున లేవడానికి మనకేం?" అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణం హాయిగా ఉంది.

ఇంకొకటి రాయాలి. మూడు రోజుల నుంచి రాయలేక కొట్టేస్తున్నాను. ఆ రోజు నేను నాన్న పక్కనే ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు నాకు. నీ గురించి చెప్పిందంతా విన్నాను. కానీ అది పదకొండో గ్లాసో, పన్నెండోదో. నాకు ఒక్క ముక్కా గుర్తులేదు. బాబాయిని అడిగాను, ఆయనకీ లేదు. ఆ రోజు బల్ల దగ్గరున్న గియాను అడిగాను. "చాలా గొప్పగా చెప్పాడు, ఏడ్చాం" అన్నాడు. ఏం చెప్పాడురా అంటే, తెలియదన్నాడు.

బల్ల దగ్గర ఉన్న వాళ్ళెవరికీ గుర్తులేదక్కా. గుర్తుపెట్టుకునేదానివి నువ్వు ఒక్కదానివే. నువ్వు లోపల ఉన్నావు.

రా. తమదాగానే కూర్చో. కానీ సత్సివి ఎవరు చేస్తారో అది కూడా నువ్వే చెప్పు.

వలీకో

---

బారి, జూన్ 9

వలీకో, నా చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ప్లేటు నేలకేసి కొడదామనుకున్నాను. ప్లేటు వీతా అమ్మగారిది, ఆగాను. పగలంతా కిటికీ దగ్గర అక్రోట్లు కొడుతూ కూర్చున్నాను. ఒక్కొక్క కాయ విప్పుతుంటే అందులో ఆ మాట ఉందేమోనన్నట్టు ఉండింది. లేదు. అది ఇంకెక్కడా లేదు.

ఆదివారం జరిగింది విను. మన ఊళ్ళనుంచి వచ్చి ఇక్కడ ముసలాళ్ళను చూసుకునే ఆడవాళ్ళం ఏడుగురం. ఆదివారం బస్సు వచ్చే చోట పార్కు బెంచీల మీద డబ్బాలు విప్పుకుని తింటాం. నిన్న వాన. వీతా అమ్మగారు కిటికీలోంచి చూసి అరిచింది: "వానలో తినడానికి మీరేమైనా కాకులా? పైకి రండి!"

బల్ల నిండింది. గోడ మీద వాన నీడలు జారుతున్నాయి. నతేలా చిక్కుడుగింజల లోబియో తెచ్చింది, నేను వంకాయల్లో అక్రోటు ముద్ద కూరాను, వీతా అమ్మగారు తన ఆల్చిప్పల బువ్వ మధ్యలో పెట్టించింది. కొత్తిమీర వాసన, సముద్రం వాసన కలిసిపోయి ఆ గది భూమ్మీద ఏ ఊరిదీ కాకుండా పోయింది. అందరం తింటున్నాం.

"మీవాళ్ళు తాగేముందు గంటలు గంటలు మాట్లాడతారటగా. ఎవరూ నోరు విప్పరేం?" అంది ముసలావిడ.

"మాట్లాడేవాళ్ళు మగాళ్ళు అమ్మగారూ. వాళ్ళు ఊళ్ళో ఉన్నారు" అంది నతేలా.

"నోళ్ళు కూడా వాళ్ళ దగ్గరే వదిలొచ్చారా?"

నేను లేచాను. నతేలా పేరున గ్లాసెత్తాను. ఇద్దరు కొడుకుల్ని ఇక్కడి జీతంతో డాక్టర్లను చేసిందని మొదలుపెట్టానో లేదో, నతేలా "రొట్టె చూసొస్తా" అని లేచింది. ఇంకొకతి నీళ్ళకని లేచింది. మరొకతి ఖాళీ ప్లేట్లు ఏరడం మొదలుపెట్టింది. బల్ల దగ్గర నేను, వీతా అమ్మగారు మిగిలాం. ఆవిడ కర్రతో నేల మీద కొట్టింది. "కూర్చోండే! మాట అయ్యేదాకా లేచినదాని కాలు విరగ్గొడతాను!"

కూర్చున్నారు. నతేలా మొదటిసారి తన గురించి చెప్పిన మాట పూర్తిగా విన్నది. తల వంచుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని విన్నది.

తర్వాత ఆమె నా పేరున గ్లాసెత్తింది. వలీకో, నాకు తెలివి వచ్చేసరికి నేను కుళాయి దగ్గర ఉన్నాను. నీళ్ళు పోతున్నాయి. ఏదీ మాడలేదు, ఎవరూ పిలవలేదు. నా కాళ్ళు నన్ను అడక్కుండా అక్కడికి తీసుకుపోయాయి. ఆ నీళ్ళ చప్పుడులో ఇన్నేళ్ళూ నేను నాకు చెప్పుకోనిది గుర్తొచ్చింది. ఆ రోజు నాన్న నన్ను పిలిచాడు. రెండుసార్లు. "ఎతేరీ, మాడితే మాడనీ, రా!" అని బల్ల దగ్గర్నుంచే కేకేశాడు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నది నేనే.

అయితే తప్పు నీదేగా అంటావేమో. తొందరపడకు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచీ ఆ కాళ్ళకు ఆ దారి తప్ప ఇంకోటి చూపించారా? నాన్న రమ్మన్నాడు, నిజమే. లేచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడి "రొట్టె నేను చూస్తాను, నువ్వెళ్ళు" అన్నాడా? పిలవడం తేలిక. తను కుర్చీ వదలాలి, అది కష్టం. నాన్నంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట అంటాను. ప్రాణం కాబట్టే అంటాను.

సత్సివి ఎవరు చేస్తారని అడిగావు. నువ్వు. గియా. బిచికో బాబాయి కూడా. రాసుకో. కోళ్ళు ఉడికించి, కాల్చి, నీళ్ళు దాచు. అక్రోట్లు వెల్లుల్లి, ఉప్పు, ధనియాలు, నీలిమెంతి, బంతిపూల పొడితో రుబ్బు. మూడుసార్లు రుబ్బాలి. రెండోసారికే రెక్కలు పడిపోతాయి, అప్పుడు అమ్మ గుర్తొస్తుంది. మూడోసారి కూడా రుబ్బు. పిడికిట పట్టి పిసికితే నూనె బంగారంలా కారుతుంది, అది పైన పోయడానికి దాచు. దాచిన నీళ్ళతో పలచన చెయ్యి, కాస్త ద్రాక్ష సిర్కా వెయ్యి, సన్నని సెగ మీద ఉంచు. మరిగిందా, విరిగిపోతుంది. దగ్గరే నిలబడాలి. బల్ల దగ్గర్నుంచి ఎవరు పిలిచినా కదలకూడదు. ఎలా ఉంటుందో తెలుస్తుంది.

నీ అక్క,
ఎతేరి

---

ఊరినుంచి, అక్టోబరు 22

బారిలో నా కుర్చీ కాస్తున్న నతేలాకి,

ఇది వీతా అమ్మగారికి గట్టిగా చదివి వినిపించు. ముందు ఫలితం: సత్సివి బాగాలేదు.

నేను వచ్చేసరికి వంటింట్లో మగాళ్ళు. గియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలట. బిచికో బాబాయి మాత్రం "నేను చూడ్డానికి వచ్చానంతే" అంటూనే మోచేతుల దాకా అక్రోటు ముద్ద పూసుకుని ఉన్నాడు. నన్ను చూసి, "మీ అమ్మ ఇది ఇన్నేళ్ళు ఎలా చేసిందే?" అన్నాడు. "మీరెవరూ అడగలేదు బాబాయ్" అన్నాను.

మధ్యాహ్నం ఎండ ద్రాక్షపందిరి కింద తేనెలా దిగుతోంది. పొడుగు బల్లకు ఒక పక్క ఊరి ఆడవాళ్ళు, పెళ్ళికూతుళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు. లమారా మూడుసార్లు లేవబోయింది, మూడుసార్లూ నేను ఆమె కొంగు పట్టుకున్నట్టే శాలువా పట్టుకుని లాగాను. నా కాళ్ళూ ఊరుకోలేదు నతేలా. కుర్చీ కాలికి మడమ మెలేసుకుని కూర్చున్నాను.

నాన్న పేరున గ్లాసు ఎత్తాల్సిన వేళ వచ్చింది. పోయినవాళ్ళ వంతుగా రొట్టె మీద నాలుగు చుక్కలు వైన్ పోశాను. లేచాను. అందరూ నా వైపు చూశారు. అప్పుడు చూశాను, వలీకో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సరిగ్గా నేను నిలబడ్డ చోట. నడుముకు గుడ్డ, చేతుల నిండా పులుసు, ఒక చెవి మాట వైపు, ఒక చెవి పొయ్యి వైపు.

నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. నాలుగు నెలలు కట్టుకున్న మాట. అందులో కోపం ఉంది, నాన్న మీద ప్రేమ ఉంది. వాడు సగం విని లోపలికి పోతాడని అర్థమైంది. గ్లాసు దించేశాను.

"వంటిల్లు ఖాళీ అయ్యేదాకా ఈ బల్ల మీద మాట లేదు" అన్నాను.

"పులుసు విరిగిపోతుందక్కా!"

"విరగనీ."

గియా వచ్చాడు. బాబాయి గొణుక్కుంటూ వచ్చాడు. ఆఖరికి వలీకో చేత్తో ఒక ప్లేటు పట్టుకుని వచ్చి, అది నా ముందు పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వెల్లుల్లి ఎక్కువ. పంటికింద అక్రోటు పెంకు తగిలింది. వాడు నా నోటి వైపే చూస్తున్నాడు, చిన్నప్పుడు నా గౌను పట్టుకుని రొట్టె ముక్కకోసం చూసినట్టు.

"ఉప్పు సరిపోయిందా అక్కా?"

ఆ ఇంట్లో పుట్టి యాభై ఆరేళ్ళు, నతేలా.

"సరిపోలేదురా," అన్నాను. "ముందు కూర్చో."

వాడు కూర్చున్నాడు. అప్పుడు గ్లాసు మళ్ళీ ఎత్తాను.

ఆదివారం బస్సుకు వచ్చే
ఎతేరి