నల్ల దూది ఏకే నగ్మా

కాశింబీకి గుంటూరు నుంచి దస్తగిరి రాసేది. నేనూ మనవరాలూ బాగున్నాం. నువ్వు లేవుగా, చెవులకి కూడా సుఖంగా ఉంది.

నిన్న నగ్మా తన కాలేజీ ల్యాబు చూపించింది. సీసా నిండా నల్లటి పొడి. వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి బొగ్గు గొట్టాలంట. వాటిని జిగురులో కలిపి అట్టలా పోస్తే విమానం రెక్కలకి పనికొస్తుందంట. ఒక ముక్క నా చేతిలో పెట్టింది. బరువే లేదే! మబ్బు ముక్క పట్టుకున్నట్టు కాసేపు అట్టా నిలబడిపోయా.

"ఈ పొడి గడ్డలు కడుతుంది తాతా, విడిపోవట్లా" అంది.

"పిచ్చిదానా, దూదీ అంతేగా! చిటికెడు చిటికెడు తీసుకుని ఏకు" అన్నా, పెద్ద సైంటిస్టులాగా.

"అదే చేస్తున్నాం తాతా, మిషనుతో. ఇంకో ఏడాది పడుద్ది" అని పకపకా నవ్వింది. గవర్నమెంటు కూడా ఇంకో ఏడాదికి డబ్బులిచ్చిందంట.

పిల్లని పెళ్లికి తీసుకురమ్మనే కదా నన్ను పంపావు. సగం ఏకిన దూదిని పరుపులో కూరితే ఏమవుద్దో నలభై ఏళ్లు నాతో పరుపులు కుట్టినదానివి, నీకు చెప్పాలా? దర్శి సంబంధం వాళ్లని ఏడాది ఆగమను. ఆగకపోతే పోనీ, ఆ పెళ్లికొడుకు మీసం నాకెటూ నచ్చలా.

మేక కాలు నయమైందా? మబ్బు పడితే కళ్లంలో మిరపకాయల మీద పట్టా కప్పమని అబ్బాయికి చెప్పు.

శనివారం పొదిలి బస్సుకి ఒక్కణ్ణే వస్తా. తిట్లన్నీ నాకుంచి, పిల్లకి మాత్రం దువా చెయ్యి.