పక్కింటి ఎర్రావు

అక్కా,

తిమిషోవారాలో నన్ను బస్సెక్కిస్తూ "కాబోయే అత్తగారిల్లు, దేన్నీ ముట్టుకోకు" అన్నావు కదా. నేను ఏకంగా ఆవుతోనే మొదలుపెట్టాను!

ఈ ఊళ్లో సాయంత్రం మంద మేత నుంచి వస్తే ఏ ఇంటి ఆవు ఆ ఇంటి గేట్లోకి అదే తిరుగుతుంది. "అమ్మాయ్, గేటు తియ్యి. మన ఎర్రావు దానంతటదే వస్తుంది" అంది అత్తగారు లుక్రేత్సియా. తీశాను. ఎర్రావు దర్జాగా లోపలికొచ్చింది. గేటు మూసి, గంపెడు గుమ్మడి ముక్కలు పెట్టి మురిసిపోతున్నాను. ఇంతలో బయట ఇంకో ఎర్రావు అంబా అంది. మనది అదీ!

లోపలున్నది పక్కింటి ఔరికాది. కంచె దాటిన ప్లమ్ కొమ్మ మీద పళ్లెవరివన్న గొడవతో ఆవిడకీ అత్తగారికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఔరికా గేటు తోసుకుని వచ్చేసింది. "పళ్లు చాలక నా ఆవుని కూడా కాజేస్తారటే?"

అత్తగారు నడుం మీద చేతులేసుకుంది. "తిండి ఎవరింట్లో బాగుంటుందో నీ ఆవుకైనా తెలిసింది!"

ఔరికా తిట్టబోయి ఫక్కున నవ్వేసింది. అత్తగారూ ఆగలేకపోయింది. ప్లమ్ సారా సీసా బయటికొచ్చింది. ఇక ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. "దీనికి ఆవుల్ని కాదు, ముందు కాబోయే మొగుణ్ణి, మా దోరుని, గుర్తుపట్టడం నేర్పాలి!"

ఇంకో వారం ఉంటాను. నా రబ్బరు బూట్లు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు.

ఔరికా ఆవుని తోలుకెళ్తుంటే అత్తగారు నా చెవిలో ఏమందో తెలుసా?

"రేపు కూడా ముందు దాన్నే రానియ్యి."

నీ చెల్లి