లోపలి గొళ్ళెం

శనివారం రాత్రి. తెలంగాణ బంద్.

ముసలివాళ్ళ స్నానాల గదులు ఎట్లా ఉండాలో చూస్తూ ఖాజాగూడలో ఇల్లిల్లూ తిరిగే స్వప్న, ఈరోజు మా గోడకు పట్టుకునే రాడ్డు బిగించాల్సింది. బంద్ వల్ల రాలేదు. మొన్న వచ్చినప్పుడు లోపలి గొళ్ళెం కూడా తీసెయ్యమంది.

"తలుపు తెరిచి తానం చెయ్యాల్నా? పోయి మీ తాతకు చెప్పు."

"మా తాత గట్లనే లోపల పడ్డడు తాతా. తలుపు పలగ్గొట్టేసరికి పానం పోయింది."

పొద్దున తలంటుకుని లేస్తుంటే, నూనె కాలు జారి బండ మీద పడ్డాను.

"ఏమైందయ్యా?" బయటి నుంచి నా భార్య లచ్చవ్వ.

"చెంబు పడ్డది" అన్నాను. పాక్కుంటూ పోయి గొళ్ళెం తీశాను.

రేపు లచ్చవ్వ తలంటుకుంటుంది. గొళ్ళెం వెయ్యొద్దంటే ఎందుకని అడుగుతుంది. దాన్ని నేనే ఊడదీద్దామంటే ఇప్పుడు నడుము లేవనియ్యడం లేదు. తెల్లారకముందే నీళ్ళు కాచుకునే మనిషి ఆమె...