పోశమ్మ ఇంగ్లీషు

అన్నా,

నాచారంలో నా ఇంగ్లీషు స్కూలు మూసేసి, ఉప్పల్‌లో పెద్ద బడిలో టీచరుగా చేరమని రాశావు. చేరను.

నా దగ్గర నేర్చుకునే పోశమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మొన్న ఆ బట్టలు కొనే విదేశీయులు తనిఖీకి వస్తే, మేనేజరు అంతా సవ్యంగా ఉందన్నాడు. పోశమ్మ లేచి వెనుక తలుపు చూపించి, “దిస్ డోర్ లాక్. ఫైర్ కమ్, వీ డై,” అంది. అప్పటికప్పుడే తాళం తీయించారు.

సాయంత్రం క్లాసుకొచ్చి, “తప్పు మాట్లాడిన్నా మేడం?” అని భయంగా అడిగింది.

“వాళ్లకు సమజైంది గదా,” అన్నాను.

ఆమె వెనుక మరో పదకొండు మంది ఫ్యాక్టరీ ఆడవాళ్లు చెప్పులు విడుస్తున్నారు.

సోమవారం నుంచి షిఫ్టు అయ్యాక వాళ్లకు కొత్త బ్యాచ్. నువ్వు వచ్చేటప్పుడు ఆ బడి ఉద్యోగం కాగితాలు తేకు. రెండు బెంచీలు చేయించుకుని రా.

నీ చెల్లెలు