పచ్చి టమాటలకు పోపు

ఉప్పుగూడ, 1979

అత్తమ్మకు రాజమణి వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ కొడుకుకు దగ్గు తగ్గింది.

నేను వంట చేసే ఇంటి దొరసానిది మెక్సికో దేశం. మొన్న వాళ్లమ్మ చనిపోయిన రోజని నలుగురిని భోజనానికి పిలిచి, నన్ను సల్సా చెయ్యమంది. వాళ్ల భాషలో ఏ సాసునైనా సల్సా అంటారట. ఇంగ్లీషులో మాత్రం టమాట, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి నిమ్మకాయ పిండితే అదే సల్సా. ఈ మధ్య ఒక డాన్సుకు కూడా ఆ పేరే పెట్టారట. మాదన్నపేట మార్కెట్లో మంచి టమాటలు ఏరి తెచ్చి, చెప్పినట్టే తరిగాను. తీరా పచ్చివి వడ్డిస్తే ఆమె పరువు పోతుందనిపించి, అడగకుండానే ఆవాలు, ఎల్లిపాయలు వేసి పోపులో మగ్గించాను.

వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. దొరసాని ఒక్క చెంచాతో ఆపేసింది. వాళ్లు వెళ్లాక, "బాగుంది రాజమణీ. మా అమ్మ చేసేది మాత్రం ఇది కాదు" అంది.

"పచ్చిగ పెడితె మంచిగుండదనుకున్న, అమ్మా" అన్నాను. తల ఎత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది.

బర్రె ఈనిందా? ఆడబిడ్డ కాన్పుకు ఎప్పుడొస్తుంది? మీ మోకాళ్లకు నూనె పంపుతున్నాను.

పోయినసారి మీరు పంపిన పండుమిర్చి తొక్కు తిని మీ కొడుకు, "అమ్మ చెయ్యి గిట్ల మారిందేంది" అన్నాడు. నేను మాట్లాడలేదు. మీ చెయ్యి మారలేదు, అత్తమ్మా. ఇంకొక సీసా పంపండి. ఈసారి పోపు పెట్టకుండా, మీరు నూరింది నూరినట్టే ఆయన ముందు పెడతాను.

మీ కోడలు
రాజమణి